చెవుల ఇల్లు

ఇనుయిత్తుక్ దీవికి వేటకి బయల్దేరేవాళ్ళకి మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఎప్పుడూ ఒకటే చెప్పి పంపేవాళ్ళు. దక్షిణపు గట్టున పాత కొట్టు ఇల్లు కనబడితే బండి ఆపకండి. ఎవరు పిలిచినా పలక్కండి. చెవులు మూసుకోండి.

చివరి మాట విని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. వెళ్ళొచ్చాక నవ్వేవాళ్ళు కాదు.

ఇనుయిత్తుక్ అంటే మనుషులు లేనిది అని అర్థం. ఉత్తరాన నల్లటి కొండచరియ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతుంది. నడుమంతా ఏ కాలంలోనూ కరగని మంచు. దక్షిణాన గులకరాళ్ళ గట్టు. ఒకప్పుడు మనుషులు తిరిగిన గుర్తులన్నీ ఆ గట్టు మీదే. తిమింగలాల వేటకొచ్చిన ఓడలవాళ్ళు కొవ్వు కాచుకున్న ఇటుక పొయ్యిలు ఉన్నాయి. వాళ్ళలో ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళ మీద పేర్చిన రాళ్ళు ఉన్నాయి. వాళ్ళ తర్వాత ఎవరో తెల్లవాళ్ళు నక్కతోళ్ళు కొనే కొట్టు పెట్టారు. నక్కల్ని పట్టి ఇవ్వడానికి దక్షిణం నుంచి మావాళ్ళని కొన్ని కుటుంబాలు ఓడలో తెచ్చి దింపారు. కొన్నేళ్ళకి బేరం గిట్టలేదని కొట్టు మూసి, వాళ్ళని మళ్ళీ ఓడెక్కించి తలో ఊళ్ళో దింపేసి పోయారు.

ఇల్లొకటి మిగిలింది. పలకలు ఊడిన ఇల్లు... పైన తుప్పుపట్టిన పొగగొట్టం.

మా తీరానికీ ఆ దీవికీ మధ్య నీళ్ళు ఎప్పుడూ పరుగు మీదే ఉంటాయి. చుట్టూ సముద్రమంతా గట్టిపడ్డా అక్కడ మంచు కట్టదు. కట్టేసరికి సూర్యుడు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయి చాలా కాలమై ఉంటుంది. అందుకని ఆ దీవికి దారి పడేది చీకట్లోనే. మిట్టమధ్యాహ్నం కూడా నెత్తిన చుక్కలే.

ఆ చీకట్లో... ఆ ఇంటి వైపు నుంచి... ఒక పిలుపు.

“నాన్నా...”

కాసేపు ఏమీ ఉండదు. గాలేమోలే అనుకుంటాడు మనిషి. అప్పుడు —

“చెవీ...”

ఆకలి రోజుల్లో పోయిన పిల్లదెయ్యమన్నారు. తండ్రి కోసం వెతుక్కుంటోందన్నారు. చలికి చెవులు రాలిపోయి చచ్చింది కనుక, పలికినవాడి చెవులు కోసుకుపోతుందన్నారు. పిల్లలు పడుకోకపోతే మా ఆడవాళ్ళు, “చెవుల ఇంట్లో వదిలేసి వస్తా!” అని బెదిరించేవాళ్ళు. “దెయ్యమూ లేదు, పాడూ లేదు, పొగగొట్టంలో గాలి” అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా ఆ గట్టు మీదుగా పోయేటప్పుడు చెవులు మూసుకునే పోయేవాళ్ళు.

సాకియాసీ సంగతి చెబుతాను. ఇది అతని నోటా విన్నాను, అతని బావమరిది అకుమాలిక్ నోటా విన్నాను. ఇద్దరూ జీవితంలో ఒక్క విషయానికైనా ఒకే మాట చెప్పారంటే ఇదొక్కటే.

సాకియాసీకి ఎడమ చెవి సగమే ఉంటుంది. పై సగం లేదు. చిన్నప్పుడు కుక్క కరిచిందని ఆస్పత్రి నర్సు చెప్పిందట. అదీ అతనికి గుర్తులేదు. ఎనిమిదేళ్ళ వయసులో విమానం అతన్ని మా ఊళ్ళో దింపినప్పుడు మెడలో అట్టముక్క ఉంది. దాని మీద సాకియాసీ అన్న పేరు, ఒక నంబరు. అది దక్షిణాన క్షయ ఆస్పత్రివాళ్ళు పెట్టిన పేరు. పిల్లాడికి మా మాట రాదు. ఎవరి పిల్లాడో, ఏ ఊరివాడో వాళ్ళకీ తెలియదు. పిల్లల్లేని ముసలి జంట ఒకటి చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. అలా మావాడైపోయాడు.

వేటగాడయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు, ముసలివాడయ్యాడు. “దెయ్యానికి నీ దగ్గర గిట్టుబాటు కాదులే బావా,” అనేవాడు అకుమాలిక్. “ఒకటిన్నర చెవికి అంత దూరం ఎవరొస్తారు?”

ఆ చలికాలం సాకియాసీ కూతురు లీతియా నిండు నెలల్లో ఉంది. ఒకరోజు వంటింట్లో రొట్టె కాలుస్తూ అడిగింది.

“నాన్నా, ఈసారైనా నీ వైపు పేరొకటి ఇవ్వవా? పుట్టినవాళ్ళందరికీ అమ్మ వైపు పేర్లే పెట్టాను.”

సాకియాసీ టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు.

మా దగ్గర పేరు పెట్టడమంటే పిలవడానికో మాట వెతుక్కోవడం కాదు. పోయినవాళ్ళ పేరు పుట్టినబిడ్డకి పెడితే, పోయినవాళ్ళు ఆ బిడ్డలోకి తిరిగొస్తారు. లీతియా చిన్నకూతురికి సాకియాసీ పెళ్ళాం మక్పా పేరు పెట్టారు. అందుకని లీతియా తన కూతుర్నే “అమ్మా” అంటుంది. అకుమాలిక్ ఆ పసిదాన్ని “అక్కా” అంటాడు. ఇక సాకియాసీకైతే అది పెళ్ళామే.

“బూట్లు!” అంది ఆ పసిది అప్పుడే, తాత కాళ్ళ వైపు వేలు చూపించి. నేలంతా మంచు కరిగి మడుగు కట్టింది.

“తీస్తున్నానే, తీస్తున్నా. చచ్చి మళ్ళీ పుట్టినా నోరు మాత్రం మారలేదు నీకు.”

“మా అక్క మారుతుందా?” అన్నాడు అకుమాలిక్.

అందరూ నవ్వారు. సాకియాసీ కూడా నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“నా వైపు ఎవరున్నారే ఇవ్వడానికి? మా అమ్మ పేరు నాకు తెలిస్తే కదా.”

“ఎవర్నైనా అడుగు.”

“ఏమని అడగను? నేను ఎవర్ని అని అడగనా?”

లీతియా పెనం మీద రొట్టె తిరగేసింది. ఆ రోజంతా సాకియాసీ మనసులో ఒకటే తిరుగుతోంది... పేరు ఇవ్వకపోతే తిరిగి రావడానికి తోవ ఉండదు. తన తల్లి ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో, ఇన్నేళ్ళూ తోవ లేక ఏ చీకట్లో నిలబడి ఉందో.

లీతియాకి బొచ్చెద్దు కొవ్వు మీద మనసు పోయింది. దగ్గరలో బొచ్చెద్దులు ఉండేది ఇనుయిత్తుక్ మీదే. మధ్యనున్న మంచు గట్టిపడిందని కబురు రాగానే బావా బావమరిదీ చెరొక మోటారు మంచుబండీ వేసుకుని వెళ్ళారు.

ఒక ఎద్దు దొరికింది. కోసి, లాగుడుబండి మీద కట్టి తిరిగి బయల్దేరేసరికి గాలి లేచింది. ముందు బండి ముక్కు కనబడలేదు, తర్వాత చెయ్యి కనబడలేదు. డేరా వేస్తే చీలిపోయింది.

“కొట్టు ఇల్లు పక్కనే,” అని అరిచాడు సాకియాసీ గాలిలో.

“చస్తే రాను!”

“రాకపోయినా చస్తావు. రా!”

తలుపు సగం మంచులో కూరుకుపోయి ఉంది. కాళ్ళతో తన్ని, దూరి, లోపల స్టవ్ వెలిగించుకున్నారు. గోడలకి మంచుపువ్వులు. మూలన సీలు కొవ్వు దీపం పెట్టే రాతిగిన్నె ఒకటి బోర్లించి ఉంది. అకుమాలిక్ దాని వంక చూడకుండా కూర్చున్నాడు. పైన పొగగొట్టం ఊళలు పెడుతోంది.

“విన్నావా? గొట్టమే,” అన్నాడు సాకియాసీ. “ఇన్నేళ్ళూ దీనికా భయపడ్డాం!”

“గొట్టమే... గొట్టమే...” అంటూ అకుమాలిక్ టీ గుక్కలు మింగాడు.

చాలాసేపటికి గాలి తగ్గింది. గొట్టం ఊళ సన్నబడింది... ఇంకా సన్నబడింది... ఆగిపోయింది.

ఇంట్లో స్టవ్ మంట చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు, బయట, గట్టు మీద నుంచి —

“నాన్నా...”

అకుమాలిక్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

గాలి లేదు. గొట్టం పలకడం లేదు.

“నాన్నా... చెవీ... చెవీ...”

సాకియాసీ నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆటల్లో ఉన్న పిల్లాడు ఇంట్లోంచి కేక వినబడితే ఎలా పలుకుతాడో అలా, “ఓ—” అన్నాడు.

అకుమాలిక్ ఎగిరి చేతితొడుగుతో అతని నోరు నొక్కేశాడు.

ఆ నొక్కుడుతో సాకియాసీకి తెలివొచ్చింది. తెలివితోపాటు భయమూ వచ్చింది. కోటు టోపీ మీదకి లాక్కుని, రెండు అరచేతులూ చెవులకి అదిమి పట్టుకున్నాడు. అలాగే బయటికి పరిగెత్తారు. మాంసం సగం అక్కడే వదిలేశారు. మంచుబండ్లు దీవి దాటేదాకా వెనక్కి చూడలేదు.

సముద్రం మధ్యలో టీకని ఆగినప్పుడు సాకియాసీ అన్నాడు.

“అది పిల్ల గొంతు కాదురా.”

“ఇంకేం? దెయ్యానికి గొంతు పరీక్ష కూడా పెట్టు.”

“కాదురా... ఆడమనిషి గొంతు.”

“బావా, నీ చెవులు రెండూ ఉన్నాయా లేదా? ఉన్నాయి. అంటే ఒకటిన్నరా ఉంది. ఇక పద.”

ఊరికొచ్చాక అకుమాలిక్ ఊరుకోలేదు. మా ఊరి రేడియోలో, వాతావరణం చెప్పాక ఎవరైనా మాట్లాడొచ్చు. మైకు ముందు కూర్చుని అంతా చెప్పేశాడు. ఎవరూ ఆ ఇంటి దరికి పోవద్దన్నాడు, పిల్లదెయ్యం ఇంకా ఆకలి మీదే ఉందన్నాడు.

ఆ సాయంత్రమే ఊరి కరెంటు కేంద్రంలో పనిచేసే కుర్రాడి తల్లి కబురు పెట్టింది. “చెవి గురించి రేడియోలో కూసినవాణ్ణి నా దగ్గరికి పంపండి.”

ఆమె పేరు అర్నాలుక్. కొడుకు దగ్గర ఉండడానికి ఆ ఏడే వేరే ఊరి నుంచి వచ్చింది. ముసలిది, రెండు కళ్ళూ పోయాయి. సాకియాసీని లాక్కునే వెళ్ళాడు అకుమాలిక్. ఒక్కడే వెళ్ళడానికి భయం.

“కూర్చోండి. నువ్వేనా కూసింది?”

“నేనే అవ్వా.”

“ఇనుయిత్తుక్ అన్నావు. మేమున్నప్పుడు ఆ పేరు లేదు దానికి. మనుషులున్నాం కదా.”

ఇద్దరూ తలెత్తారు.

“నువ్వు అక్కడ ఉన్నావా అవ్వా?” అన్నాడు సాకియాసీ.

“ఓడ మమ్మల్ని దింపినప్పుడు నేను పెళ్ళికాని పిల్లని. తర్వాత ఆ దీవి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మీరంతా ఇలా వాగుతున్నారని నాకేం తెలుసు?” అని అకుమాలిక్ గొంతు వచ్చిన వైపు తిరిగింది. “పిల్లదెయ్యమని ఎవడు చెప్పాడురా నీకు?”

“నాన్నా అని పిలిచింది కదవ్వా. తండ్రిని పిలిచేది పిల్లలే కదా.”

“మీ అక్కకి ఎన్నేళ్ళు?”

“మా అక్కకా? మూడు ని—”

అకుమాలిక్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

మూడు నిండని పసిదాన్ని అక్కా అని పిలిచే మనిషి. కూతుర్ని అమ్మా అని పిలిచే ఇంట్లో రోజూ టీ తాగే మనిషి. అతనొక్కడేనా? మా ఊరంతా అలాంటి ఇళ్ళే. మా అందరికీ పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి, ఆ ఒక్క పిలుపు దగ్గర మాత్రం ఒక్కడికీ తట్టలేదు. భయం అలాంటిది.

“నివియాక్ అని ఒకామె ఉండేది,” అంది అర్నాలుక్. “వాళ్ళ నాన్న ఉయారక్. మంచు విరిగి నీళ్ళలో పోయాడు. ఆ వసంతంలోనే ఆమెకి కొడుకు పుట్టాడు. ఉయారక్ అనే పెట్టింది. ఇక నాన్నే తిరిగొచ్చాడు. మొగుడు పోయాక ఆ పిల్లాడే లోకం. వేటకెళ్ళాలన్నా, ‘నాన్నా, వెళ్ళిరానా?’ అని ఆ బుడ్డివాణ్ణే అడిగేది. వాడు పెద్దమనిషిలా తలూపేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.”

సాకియాసీ ముందుకి జరిగి కూర్చున్నాడు.

“ఒకసారి కుక్కలబండి మీద వస్తున్నారు. వెనక కూర్చున్న వాడు టోపీ తోసేసుకున్నాడు. ఆమె ముందు కుక్కల్ని తోలుతోంది, చూసుకోలేదు. చూసేసరికి చెవి కొవ్వొత్తిలా తెల్లబడిపోయింది. తర్వాత నల్లబడింది. సగం రాలిపోయింది.”

“ఏ చెవి?” అన్నాడు అకుమాలిక్.

“ఎడమది. ఆ తర్వాత ఆమెకి అదే పిచ్చి. వాడు గడప దాటితే చాలు, ‘నాన్నా, చెవి! చెవి కప్పుకో!’ ముడి ముందు వేస్తే విప్పేసుకుంటున్నాడని, టోపీ తాళ్ళు వెనక్కి లాగి మెడ వెనక వేసేది ముడి. వాడి చేతులు అందక ఏడ్చేవాడు.”

స్టవ్ మీద కెటిల్ ఉడుకుతోంది. ఎవరూ దించలేదు.

“ఆస్పత్రి ఓడ వచ్చింది ఒక వేసవిలో. అందరి గుండెలూ ఎక్స్‌రే అద్దంలో చూశారు. వాడి గుండెల్లో జబ్బుందన్నారు. ఇంటికెళ్ళి సర్దుకొస్తామంటే కుదరదన్నారు. వాడి తోలుకోటు విప్పేసి, ఏదో దుప్పటి చుట్టి, పడవలోంచి పైకి ఎత్తారు. తల మీద ఏమీ లేదు. ఆమె గట్టు మీద నుంచి చూసింది... నీళ్ళలోకి నడిచింది... నడుం లోతు దాకా. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడగలేదు, ఎప్పుడు తెస్తారని అడగలేదు. ‘నాన్నా, చెవి! చెవి!’ అని ఒకటే కేక. ఓడ కొండచరియ మలుపు తిరిగినా ఆపలేదు.”

అర్నాలుక్ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

“కొట్టు మూసేశాక మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఓడ వచ్చినప్పుడు ఆమె ఎక్కలేదు. ‘ఎక్కించుకున్న చోటే దింపుతారు కదా వాణ్ణి. దిగేసరికి ఇక్కడెవరూ లేకపోతే, వాడి ముడి ఎవరు వేస్తారు?’ అంది. రాళ్ళ వెనక దాక్కుంది. మంచు మూసుకొస్తోందని ఓడ ఆగలేదు. మరుసటేడు వెళ్ళినవాళ్ళకి కొట్టు ఇంట్లో ఆమె దీపపు గిన్నె దొరికింది. నూనె అయిపోయి, బోర్లించి ఉంది. ఆమె దొరకలేదు.”

సాకియాసీ లేచి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముసలామె చెయ్యి తీసుకుని తన ఎడమ చెవి మీద పెట్టుకున్నాడు.

వేళ్ళు మెల్లగా పైకి పాకాయి. చెవి లేని చోట ఆగాయి.

“వచ్చావా,” అంది.

“నేను మూసుకున్నానవ్వా.” సాకియాసీ గొంతు పిల్లాడి గొంతులా ఉంది. “అంత దగ్గర్నుంచి పిలిచింది... నేను రెండు చేతులూ పెట్టి చెవులు మూసుకున్నాను.”

“మూసుకోమనే కదరా మీ అమ్మ చెప్పింది.”

“వినబడకుండా మూసుకున్నానవ్వా!”

అర్నాలుక్ తన అరచేతితో ఆ సగం చెవిని కప్పింది.

లీతియాకి పేరు దొరికింది. నివియాక్. కానుపుకి దక్షిణం వెళ్ళే విమానం రెండు రోజుల్లో ఉంది. పేరు దొరికాక ఇక ఊరుకోవచ్చు కదా అన్నారు అందరూ. సాకియాసీ వినలేదు. మంచుబండిలో పెట్రోలు పోసుకుంటున్నాడు.

“ఇంకా అక్కడే నిలబడి పిలుస్తుంటే ఇక్కడికెలా వస్తుందే? నేను వచ్చేశానని చెప్పాలి కదా. చెప్తేనే కదా కదిలేది.”

“పుట్టాక వెళ్ళొచ్చులే నాన్నా.”

“అప్పటికి సూర్యుడొచ్చేస్తాడు. ఎండలో ఎవరైనా విన్నారా ఆ పిలుపు?”

“ఇంత చలిలోనా?”

“అరవై ఏళ్ళు ఆమె అదే చలిలో ఉంది.”

అకుమాలిక్ తిట్టుకుంటూనే వెంట వెళ్ళాడు. కానీ గట్టు కింద, ఇటుక పొయ్యిల దగ్గరే బండి ఆపేశాడు. “నేనిక్కడే ఉంటా బావా. మీ ఇంటి విషయం అది.”

సాకియాసీ ఒక్కడే పైకి నడిచాడు.

ఆ రోజు గాలి లేదు. చుక్కలు రాళ్ళ మీదకి దిగి వచ్చినట్టున్నాయి. కింద ఎక్కడో సముద్రపు మంచు మూలిగింది. ఇల్లు నల్లగా నిలబడి ఉంది. అతను గుమ్మం ముందు ఆగి, ఆ రోజు నోట్లోనే ఉండిపోయిన మాట పూర్తి చేశాడు.

“ఓయ్...”

ఏమీ లేదు.

“అమ్మా... నేను. ఉయారక్‌ని. వచ్చాను.”

ఏమీ లేదు. ఆ పేరుతో తనని తాను పిలుచుకోవడం అతనికి ఊహ తెలిశాక అదే మొదలు. నోటికి కొత్తగా, ఇంకొకరి కోటు తొడుక్కున్నట్టుగా ఉంది.

“వాళ్ళు ఇక్కడ దింపలేదమ్మా. వేరే ఊళ్ళో దింపారు. నాకు తెలీదు... నాకేం చెప్పలేదు.”

నిలబడ్డాడు. నిలబడీ నిలబడీ కూర్చున్నాడు. లీతియా గురించి చెప్పాడు. పుట్టబోయే బిడ్డ గురించి చెప్పాడు. మక్పా నోటి గురించి కూడా చెప్పాడు. ఇల్లు వింటున్నట్టే ఉంది. పలకడం లేదు.

అప్పుడు ఆ ముసలివాడికి ఒక ఆలోచన వచ్చింది. చేతితొడుగులు తీసి పక్కన పెట్టాడు. టోపీ తాళ్ళు విప్పాడు. పెళ్ళాం బతికున్నప్పుడు అల్లిన పొడుగాటి తాళ్ళవి. టోపీ వెనక్కి తోసేశాడు. లోపలి ఉన్ని టోపీ కూడా తీసేశాడు. ఉత్త తలతో, ఆ చలిలో, సగం చెవిని ఇంటి వైపు తిప్పి కూర్చున్నాడు.

“కప్పుకోలేదమ్మా,” అన్నాడు. “చూడు. కప్పుకోలేదు.”

తిడుతుందేమోనని చూశాడు.

ముందు చెవులు మండాయి. తర్వాత సూదులు గుచ్చాయి. తర్వాత ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే చెడ్డదని వేటగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా కదల్లేదు. ఆ పిలుపు... ఒక్కసారి... అన్నేళ్ళు ఎవరెవరికో వినబడింది కదా, ఎవరికీ అక్కర్లేకుండానే వినబడింది కదా... తనకి ఒక్కసారి.

రాలేదు.

కళ్ళలోంచి కారింది కారినట్టే రెప్పల మీద గడ్డకట్టింది. “తిట్టమ్మా,” అన్నాడు. అదే అతనికి గుర్తున్న చివరి మాట.

ఎంతకీ రాకపోయేసరికి అకుమాలిక్ భయం చంపుకుని పైకి వచ్చాడు. నుదుటి లైటు వెలుగులో గుమ్మం ముందు ముద్దలా కూర్చున్న మనిషి కనబడ్డాడు. పోయాడనుకుని గట్టిగా ఏడ్చాడు. దగ్గరికెళ్ళి కుదిపితే మూలిగాడు.

“చచ్చావనుకున్నానుగదరా బావా! లే! లే!”

సాకియాసీ కళ్ళు తెరిచాడు. చుట్టూ చూశాడు. ఇంటి వైపు చూశాడు.

“పలకలేదురా,” అన్నాడు. “వెళ్ళిపోయినట్టుంది. ఆలస్యం చేశాను.”

“సర్లే, ముందు లే. చెవులు చూడనీ, బాగానే కప్పుకున్నావు... నయం.”

“కప్పుకోలేదే,” అన్నాడు సాకియాసీ.

అకుమాలిక్ లైటు దగ్గరగా తెచ్చాడు. ఉన్ని టోపీ తల మీదే ఉంది, చెవుల కిందకి లాగి. దాని మీద కోటు టోపీ. గడ్డం కింద చూశాడు. ముడి లేదు. తాళ్ళు రెండూ ఎటు పోయాయా అని తడిమాడు. చెంపల మీదుగా వెనక్కి వెళ్ళాయి.

మెడ వెనక ముడి.

బిగుతుగా, చిన్నగా, చక్కగా వేసిన ముడి.

సాకియాసీ చేతులు ఒళ్ళో ఉన్నాయి. తొడుగుల్లేవు. వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతో ముడి వేయడం మాట అటుంచి, అగ్గిపుల్ల పట్టుకోవడం కూడా కుదరదు. మంచు మీద అకుమాలిక్ అడుగులు, సాకియాసీ అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

“బావా...” అకుమాలిక్ గొంతు గుసగుసగా వచ్చింది. “ఇది ఎవరు...”

సాకియాసీ చెయ్యి మెల్లగా లేచి మెడ వెనక్కి వెళ్ళింది. ముడి తగిలింది. అక్కడే ఆగింది.

“ఊపిరాడదు బావా, బిగుసుకుపోయింది... విప్పనీ...” అని అకుమాలిక్ వేళ్ళు చాపాడు.

అరవై అయిదేళ్ళ ముసలివాడు తల పక్కకి తప్పించుకున్నాడు.

“వద్దురా,” అన్నాడు. “అమ్మ తిడుతుంది.”